కూలీనా, వార్ 2నా: ఒక్క సాయంత్రమే ఖాళీ ఉంటే ఏది చూడాలి

2025 ఆగస్టు 14న రెండూ ఒకే రోజు విడుదలయ్యాయి. మర్నాడు స్వాతంత్ర్య దినోత్సవం, ఆ వెంటనే శనాదివారాలు, వరసగా సెలవులు. ఒకవైపు నటుడిగా యాభై ఏళ్ళు నిండుతున్న రజనీకాంత్, ఆయనకు ఎదురుగా విలన్‌గా మన నాగార్జున. ఇంకోవైపు హృతిక్ రోషన్‌కు ఎదురుగా ఎన్టీఆర్, అదీ తన మొదటి హిందీ సినిమాలో. యూసఫ్‌గూడ పోలీస్ గ్రౌండ్స్‌లో వార్ 2 ప్రీ రిలీజ్ ఫంక్షన్ అయిన దగ్గర్నుంచి హైదరాబాద్‌లో అందరి నోటా ఒకటే మాట, ఏది ముందు చూద్దాం అని. ఆ వాదన అప్పుడు తేలలేదు, ఎందుకంటే రెండింటికీ మిశ్రమ స్పందనే వచ్చింది. చాలామంది "ఓటీటీలో చూద్దాంలే" అని పక్కన పెట్టేశారు.

కూలీ 2025 సెప్టెంబర్ 11న ప్రైమ్ వీడియోలోకి, వార్ 2 అక్టోబర్ 9న నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చేశాయి, రెండూ తెలుగులో కూడా. రెండూ మూడు గంటలకు కాస్త తక్కువ. కాబట్టి ఒక సాయంత్రంలో రెండూ చూడటం కుదరదు, ఒకటి ఎంచుకోవాల్సిందే. ఈ రాసేది ఆ ఎంపిక దగ్గర ఆగిపోయినవాళ్ళ కోసం. కథల్లోని మలుపులు ఎక్కడా విప్పను.

## ముందు ఇవి తేల్చుకోండి

సాధారణంగా మనం "ఏది బాగుంది" అని అడుగుతాం. ఈ రెండు సినిమాల విషయంలో ఆ ప్రశ్నతో పెద్దగా లాభం లేదు, రెండింటిలోనూ బలమైన చోట్లు ఉన్నాయి, రెండింటిలోనూ సెకండాఫ్‌లో జారిపోయే చోట్లు ఉన్నాయి. నా లెక్కలో తేల్చుకోవాల్సినవి ఇవి: మీతో పాటు ఎవరు కూర్చుంటున్నారు, ఫైట్ నుంచి మీకు ఏం కావాలి, ఏ భాషలో వినబోతున్నారు, ఏ తెర మీద చూడబోతున్నారు. కథ, పాటలు, నటీనటులు వీటి తర్వాతే.

ఒక చూపులో అయితే ఇలా ఉంటుంది:

| | కూలీ | వార్ 2 |
|---|---|---|
| దర్శకుడు | లోకేశ్ కనగరాజ్ | అయాన్ ముఖర్జీ |
| మొదట తీసిన భాష | తమిళం | హిందీ |
| సెన్సార్ సర్టిఫికెట్ | ఎ | యూఏ 16+ |
| ప్రధాన పాత్రలు | రజనీకాంత్, నాగార్జున, సౌబిన్ షాహిర్, శ్రుతి హాసన్, సత్యరాజ్, ఉపేంద్ర | హృతిక్ రోషన్, ఎన్టీఆర్, కియారా అద్వానీ, అనిల్ కపూర్, అశుతోష్ రాణా |
| సంగీతం | అనిరుధ్ | పాటలు ప్రీతమ్, నేపథ్య సంగీతం సంచిత్, అంకిత్ బల్హారా |
| ఎక్కడ వచ్చింది | ప్రైమ్ వీడియో | నెట్‌ఫ్లిక్స్ |
| ముందు సినిమాలు చూసి ఉండాలా | అక్కర్లేదు | 2019 నాటి వార్ చూసి ఉంటే మంచిది |

## గదిలో ఎవరున్నారు

దీన్ని మొదట పెట్టడానికి కారణం ఉంది. కూలీకి ఎ సర్టిఫికెట్ ఇచ్చారు, అంటే పద్దెనిమిది దాటినవాళ్ళకే. రజనీ సినిమా కదా, చిన్నప్పుడు మనం బాషా ఇంటిల్లిపాదీ కూర్చుని చూశాం కదా అనే ధైర్యంతో పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుంటే ఇబ్బంది పడతారు. ఈ కథలో శవాల్ని కాల్చే ఒక యంత్రం ఉంది, కథ అంతా దాని చుట్టూనే నడుస్తుంది. నరకడాలు, రక్తం బాగానే చూపించారు, అవి ఎక్కడో ఒక మూల సీన్‌లో వచ్చి పోయేవి కావు. ఇంట్లో రిమోట్ మన చేతిలోనే ఉంటుంది, ఎవరూ టికెట్ దగ్గర ఆపరు, అందుకే ఈ నిర్ణయం మనమే తీసుకోవాలి.

వార్ 2 యూఏ 16+. అంటే పదహారు లోపు పిల్లలకు చూపించాలా వద్దా అనేది తల్లిదండ్రులు ఆలోచించుకోమని. ఇందులో చావులు ఉన్నాయి, కాల్పులు ఉన్నాయి, కానీ దెబ్బను దగ్గరగా చూపించి దాని మీదే కెమెరా నిలిపే పద్ధతి తక్కువ. ఇంటర్ చదివే పిల్లలతో కలిసి చూడటానికి నాకు అభ్యంతరం కనిపించలేదు. ఆరో తరగతి, ఏడో తరగతి పిల్లలు ఉంటే మాత్రం రెండూ వద్దు, ఆ సాయంత్రానికి ఇంకేదైనా పెట్టుకోండి. వాళ్ళు పడుకున్నాక చూసుకోవచ్చు.

## ఫైట్ నుంచి మీకు ఏం కావాలి

అసలు తేడా ఇక్కడే ఉంది, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

వార్ 2లో ఫైట్ అంటే పెద్ద ఏర్పాటు. ఎక్కడ జరుగుతోంది, ఏ వాహనం మీద జరుగుతోంది, ఎంత ఎత్తులో జరుగుతోంది అనేది ముఖ్యం. మొదట్లోనే జపాన్‌లో హృతిక్ పాత్ర కబీర్ కత్తి పట్టుకుని ఒక్కడే గుంపు మీద పడతాడు. ఎన్టీఆర్ పాత్ర విక్రమ్ పరిచయం నడిసముద్రంలో ఓడ మీద, సముద్రపు దొంగలతో. తర్వాత స్పెయిన్ వీధుల్లో కార్లు, రైలు, ఎగురుతున్న విమానం పైన కొట్లాట, చివరికి మంచు గుహ. ఈ ఫైట్ల వెనుక ఉన్నవాళ్ళలో ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్ సినిమాలకు పనిచేసిన స్పైరో రజాటోస్ ఒకరు, మన దగ్గర ఎన్నో సినిమాలకు ఫైట్లు చేసిన అనల్ అరసు ఒకరు. మనుషులు నిజంగా నేల మీద ఉన్నప్పుడు, అంటే జపాన్ కత్తి ఫైట్, కార్ల వెంబడింపు, చివర్లో ఇద్దరూ చేతులతో తలపడేది, వీటిలో పని బాగా కనిపిస్తుంది. గాల్లోకి లేచినప్పుడల్లా, ముఖ్యంగా విమానం మీద, గ్రాఫిక్స్ తేలిపోయాయి, వెనుక ఆకాశం అతికించినట్టు ఉంటుంది. దీని గురించి విడుదలైనప్పుడే అందరూ అన్నారు, నిజమే అన్నారు.

కూలీలో ఫైట్ అంటే ఆ మనిషి. ఫైట్లు కంపోజ్ చేసింది అన్బరివ్ అనే కవల సోదరులు, కేజీఎఫ్, విక్రమ్, సలార్ చేసినవాళ్ళే. వాళ్ళు ఇక్కడ చేసిన తెలివైన పని ఏమిటంటే, డెబ్బై దాటిన హీరోతో గాల్లో తిప్పే విన్యాసాలు చేయించకపోవడం. రజనీ నడిచి వస్తాడు, ఆగుతాడు, చూస్తాడు, అనిరుధ్ మోత మొదలవుతుంది, అప్పటికే మీరు సగం గెలిచేసినట్టు ఉంటుంది. దెబ్బ తక్కువ, దెబ్బకు ముందు క్షణం ఎక్కువ. ఆ ముందు క్షణం మీకు ఇష్టమైతే ఈ సినిమా మీదే. "ఇంతకీ ఈ వయసులో ఇంతమందిని ఎలా కొట్టాడు" అని లెక్క వేసే అలవాటు ఉంటే ప్రతి ఫైట్‌కూ అసహనం వస్తుంది. అలాంటప్పుడు వార్ 2నే నయం, అక్కడ కనీసం కొట్టేవాళ్ళ ఒళ్ళు దానికి తగ్గట్టే ఉంది.

నాకు వ్యక్తిగతంగా నచ్చింది ఏది అంటే, విడిగా ఒక్క ఫైట్ తీసి చూపించమంటే వార్ 2లో జపాన్ ఫైట్ చూపిస్తాను. ఫైట్లన్నీ కలిపి ఏది ఎక్కువ ఊపు ఇచ్చిందంటే కూలీ. అనిరుధ్ లేకుండా ఈ మాట చెప్పగలిగేవాణ్ణి కాదు.

## కథ, ఓపిక

కూలీలో దేవా (రజనీకాంత్) ఒక మ్యాన్షన్ నడుపుకుంటూ ఉంటాడు. పాత స్నేహితుడు రాజశేఖర్ చనిపోతాడు, ఆ చావు సంగతి తేల్చుకోవడానికి బయల్దేరి విశాఖ పోర్టులో చక్రం తిప్పే సైమన్ గ్యాంగ్ దాకా వెళ్తాడు. సైమనే నాగార్జున. మొదటి సగం కుతూహలంగా నడుస్తుంది. ముఖ్యంగా సైమన్ కుడిభుజం దయాల్‌గా చేసిన సౌబిన్ షాహిర్ మొత్తం సినిమాను పట్టుకుపోయాడు, ఈ మనిషి తర్వాత ఏం చేస్తాడో అన్న టెన్షన్ ఆయన ఉన్న ప్రతి సీన్‌లోనూ ఉంటుంది. ఇబ్బంది ఏమిటంటే సెకండాఫ్‌లో కొత్త కొత్త వాళ్ళు వస్తూనే ఉంటారు. ఉపేంద్ర వస్తారు, చివర్లో ఆమిర్ ఖాన్ వస్తారు, వచ్చిన ప్రతివాళ్ళకూ ఒక ఎంట్రీ ఇవ్వాలి కాబట్టి కథ పక్కకు జరుగుతుంది. లోకేశ్ తీసిన ఖైదీలో ఉన్న బిగువు ఇక్కడ వెతికితే దొరకదు.

వార్ 2లో కబీర్ దేశద్రోహి అన్న ముద్రతో బయట తిరుగుతుంటాడు, అతణ్ణి పట్టుకోవడానికి విక్రమ్‌ను పంపుతారు. ఇద్దరి మధ్య పాత లెక్క ఒకటి ఉంది. అది ఫ్లాష్‌బ్యాక్‌లో వస్తుంది, అక్కడే సినిమా బరువెక్కి నెమ్మదిస్తుంది. మలుపు కూడా స్పై సినిమాలు బాగా చూసేవాళ్ళు ముందే పట్టేస్తారు. కానీ పాత్రలు తక్కువ కాబట్టి ఎవరు ఎవరో అన్న గందరగోళం లేదు. ఏక్ థా టైగర్‌తో 2012లో మొదలైన యశ్‌రాజ్ గూఢచారి వరసలో ఇది ఆరోది. టైగర్, పఠాన్ చూడకపోయినా ఏమీ పోదు, హృతిక్ చేసిన మొదటి వార్ చూసి ఉంటే కబీర్ అంటే ఎవరో, అతనికీ, అతని పై అధికారి కల్నల్ లూథ్రాకీ మధ్య ఏముందో తెలిసి మొదటి అరగంట ఎక్కువ తగులుతుంది.

మధ్యలో ఫోన్ చూసుకుంటూ, వంటింట్లోకి వెళ్ళొస్తూ చూసే సాయంత్రమైతే వార్ 2 తట్టుకుంటుంది. కూలీలో పది నిమిషాలు వదిలేస్తే ఎవరు ఎవరి మనిషో పక్కవాళ్ళను అడగాల్సి వస్తుంది.

## ఏ భాషలో వినాలి

హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకు ఒక సౌకర్యం ఉంది, హిందీ చాలామందికి సబ్‌టైటిల్స్ లేకుండానే అర్థమవుతుంది. అందుకని వార్ 2కు నిజంగా రెండు దారులు ఉన్నాయి. ఎన్టీఆర్ హిందీలో తన గొంతు తనే చెప్పుకున్నాడు, తెలుగులో ఎలాగూ ఆయన గొంతే. తేడా మిగతావాళ్ళ దగ్గర వస్తుంది. తెలుగు ట్రాక్ పెడితే హృతిక్‌కు, అనిల్ కపూర్‌కు, కియారాకు వేరే గొంతులు, పెదాలు ఒకటి చెప్తుంటే మాట ఇంకొకటి వినిపిస్తుంది. హిందీ పెడితే అందరి గొంతులూ అందరివే, కానీ ఎన్టీఆర్ డైలాగ్ మీద ఆయనకున్న పట్టు మనకు తెలిసినంత తెలియదు. కోపం, ఏడుపు కలిసిన చోట ఆయన తెలుగులో చేసేది వేరు. అందుకే ఎన్టీఆర్ కోసం కూర్చుంటే తెలుగు, మొత్తం సినిమా కోసం కూర్చుంటే హిందీ అని నా సలహా. ఇంట్లో అమ్మమ్మ, తాతయ్య ఉంటే ఆలోచించేదేం లేదు, తెలుగే.

కూలీకి ఈ తర్జనభర్జన తక్కువ. రజనీ తెలుగు డబ్బింగ్ అంటే మనకు ముత్తు రోజుల నుంచీ అలవాటైన వ్యవహారం, ఏళ్ళ తరబడి సింగర్ మనో గొంతునే రజనీ గొంతు అనుకుని పెరిగాం. పైగా నాగార్జున ఉన్నాడు, విశాఖ ఉంది, తెలుగులో చూస్తుంటే పరాయి సినిమా అనిపించదు. రజనీ సొంత గొంతు వినాలని పట్టుదల ఉన్నవాళ్ళు మాత్రం తమిళం పెట్టుకుని సబ్‌టైటిల్స్ చదువుకోండి, ఆ గొంతులో వయసు, అలసట, చమత్కారం కలిసి ఉంటాయి, దాని విలువ దానికి ఉంది.

## ఏ తెర, ఏ ప్యాక్

డబ్బుల సంగతి. 2025లో ఈ సినిమాలు వచ్చినప్పటి రేట్లు చెప్తున్నాను. నెట్‌ఫ్లిక్స్ మొబైల్ ప్యాక్ నెలకు 149 రూపాయలు, బేసిక్ 199, స్టాండర్డ్ 499, ప్రీమియం 649. ప్రైమ్ నెలకు 299, ఏడాదికి 1,499. ప్రైమ్ వీడియోలో 2025 జూన్ 17 నుంచి మధ్యలో యాడ్స్ వస్తున్నాయి, అవి వద్దంటే నెలకు 129 రూపాయలు అదనం.

దీనివల్ల ఎంపిక ఎలా మారుతుందో చూడండి. వార్ 2లో ఉన్నదంతా కంటికే. 149 ప్యాక్ టీవీలో పనిచేయదు, ఫోన్, ట్యాబ్‌లకే, బొమ్మ కూడా 480పీ మాత్రమే. మంచు మైదానం, సముద్రం, జపాన్ మేడ ఆ చిన్న తెర మీద మసకగా చూస్తే ఈ సినిమా చూసిన లాభం సగానికి పడిపోతుంది. ఇంట్లో పెద్ద టీవీ ఉండి, 499 ప్యాక్ కానీ ఆ పైది కానీ ఉంటేనే వార్ 2 పెట్టండి. కూలీ ఫోన్‌లో కూడా నడుస్తుంది, మంచి ఇయర్‌ఫోన్స్ ఉంటే చాలు, ఎందుకంటే దాని బలం ముఖాల్లో, శబ్దంలో ఉంది. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా రోజూ మెట్రోలో కూర్చుని ముక్కలు ముక్కలుగా చూసేవాళ్ళకు కూడా కూలీనే చెప్తాను, కాకపోతే పేర్లు గుర్తుపెట్టుకోవాలి, పక్కన చిన్నపిల్లలు తొంగిచూస్తుంటే ఆపేయాలి.

యాడ్స్ మాత్రం కూలీని నిజంగా దెబ్బతీస్తాయి. రజనీ తల తిప్పే క్షణానికి సబ్బు యాడ్ వస్తే ఆ ఊపు మళ్ళీ రాదు. ఒక్క నెలకు 129 కట్టడం నా దృష్టిలో దండగ కాదు. కొత్తగా డబ్బులు కట్టే ముందు మీ రీఛార్జ్‌తోనో, ఇంటి ఫైబర్ కనెక్షన్‌తోనో ఈ రెండింటిలో ఏదైనా ఇప్పటికే వస్తోందేమో చూసుకోండి. ఒకటి ఉండి ఒకటి లేకపోతే ఉన్నదే చూడండి, వీటిలో ఏదీ కొత్త సబ్‌స్క్రిప్షన్ తీసుకుని మరీ చూడాల్సినంత సినిమా కాదు.

## పాటలు

కూలీకే ఓటు. మోనికా పాటలో పూజా హెగ్డే ఉన్నా చూపు సౌబిన్ మీద నుంచి కదలదు. వార్ 2లో హృతిక్, ఎన్టీఆర్ కలిసి ఆడిన సలామ్ అనాలి ఉంది. ఇద్దరూ మన దేశంలో ఇప్పుడున్న గొప్ప డాన్సర్లు, ఆడింది బాగుంది, కానీ ట్యూన్ వాళ్ళ స్థాయికి రాలేదు. నాటు నాటు తర్వాత ఎన్టీఆర్ డాన్స్ అంటే మనం పెట్టుకునే ఆశ వేరు కదా.

## ఎవరికి ఏది

ఎన్టీఆర్ అభిమానులకు: వార్ 2 ఎలాగూ చూస్తారు. ఆయన్ను చిన్న పాత్రలో వాడుకుని వదిలేశారేమో అన్న భయం అక్కర్లేదు, హృతిక్‌తో సమానంగా ఉంటాడు. ఓడ మీద పరిచయం కాస్త అతిగా అనిపిస్తుంది, సినిమా నడిచేకొద్దీ కుదురుకుంటాడు, చివరి అరగంటలో ఆయన కళ్ళే సినిమాను లాక్కొస్తాయి.

నాగార్జున అభిమానులకు: ఇది నిజంగా కష్టమైన ప్రశ్న. శివ నుంచి ఆయన్ను హీరోగా చూసినవాళ్ళకు సైమన్‌గా తెర మీదకి వచ్చే మొదటి సీన్లు పండగే, ఆ జుట్టు, ఆ నడక, ఆ నిర్లక్ష్యం. తర్వాత తర్వాత కథలో అసలు విలన్ పని దయాల్ చేసేస్తుంటాడు, సైమన్ చేతికి మిగిలింది తక్కువ. ఇంత పెద్ద నటుడు తొలిసారి పూర్తి విలన్‌గా ఒప్పుకున్నప్పుడు ఆ పాత్రను ఇంకా బాగా రాయాల్సింది, ఈ విషయంలో నాకు లోకేశ్ మీద కోపం ఉంది. అయినా చూడండి, ఆ మొదటి సీన్ల కోసం.

అమ్మానాన్నలతో, అందరూ పెద్దవాళ్ళే ఉన్నప్పుడు: రక్తం చూసి మొహం తిప్పుకునేవాళ్ళు లేకపోతే కూలీ. రజనీ, నాగార్జున, సత్యరాజ్, వీళ్ళంతా వాళ్ళకు తెలిసిన ముఖాలు. రక్తం పడనివాళ్ళు ఉంటే వార్ 2, తెలుగులో.

అమీర్‌పేట హాస్టల్ గదిలో నలుగురు స్నేహితులు ఒక ల్యాప్‌టాప్ చుట్టూ చేరితే కూలీ, సౌండ్ ఎంత పెంచగలిగితే అంత.

హాలీవుడ్ స్పై సినిమాలు క్రమం తప్పకుండా చూసేవాళ్ళకు వార్ 2 కొత్తగా ఏమీ చూపించదు, వాళ్ళకూ కూలీనే మేలు.

కథలో ఒక్క లొసుగు ఉన్నా ఒప్పుకోనివాళ్ళకు రెండూ వద్దు. లోకేశ్ ఖైదీని మళ్ళీ పెట్టుకోండి.

నన్ను ఒక్కటే చెప్పమంటే, గదిలో అందరూ పద్దెనిమిది దాటినవాళ్ళైతే కూలీ. కారణం రజనీ ఒక్కడే కాదు, సౌబిన్. ఒక సినిమా అయిపోయాక వారం రోజుల పాటు ఒక పాత్ర గురించి మాట్లాడుకునేలా చేయడం చిన్న విషయం కాదు, వార్ 2లో అలాంటి పాత్ర నాకు కనిపించలేదు. ఇంటర్ పిల్లలు ఉన్న ఇంట్లో, పెద్ద టీవీ ఉంటే, వార్ 2.

ఏది పెట్టినా భోజనాలు కానిచ్చి ఎనిమిదిన్నర లోపు మొదలుపెట్టండి, లేకపోతే రెండింటి చివరి అరగంటా నిద్రమత్తులో పోతుంది. వార్ 2 అయితే చివర్లో పేర్లు పడుతున్నాయని టీవీ కట్టేయకండి. బాబీ డియోల్ ఉన్న సీన్ ఒకటి ఉంది, ఈ వరసలో తర్వాతిదైన ఆల్ఫా సినిమాకు అదే ముందుమాట.